చిలక పలుకు, పిల్లల మాట

ముందు ఒక వాక్యం వినండి. ‘గిమక లొట్టెంలో బుడుకును చిమిరింది.’ మాటలు తెలియలేదని కంగారుపడకండి. ఇవి ఏ నిఘంటువులోనూ దొరకవు, ఈ ప్రసంగం కోసం అల్లినవి. ఇప్పుడు ప్రశ్నలు. గిమక బుడుకును ఎక్కడ చిమిరింది? లొట్టెంలో. లొట్టెంలో గిమక దేనిని చిమిరింది? బుడుకును. బుడుకును చిమిరింది ఎవరు? గిమక. మూడింటికీ మీరు తడుముకోకుండా జవాబు చెప్పేశారు, మూడు మార్కులూ మీవే. గిమక పిట్టో పిశాచో మీకు తెలియదు. చిమరడం మంచి పనో చెడ్డ పనో తెలియదు. మహా అయితే, క్రియ చివర ‘ఇంది’ ఉంది కాబట్టి గిమక మగవాడు కాదని పట్టుకుని ఉంటారు. పుట్టినప్పటినుంచీ తెలుగు విన్న చెవికి ‘లో’ ఉన్నచోట ‘ఎక్కడ’కు జవాబు ఉంటుందని, ‘ను’ ఉన్నచోట ‘దేనిని’కి జవాబు ఉంటుందని ఎవరూ నేర్పనక్కర్లేదు. మన ప్రాథమిక పాఠశాలల్లో పాఠం చివర అడిగే ప్రశ్నల్లో చాలా భాగం ఈ గిమక ప్రశ్నలే. పాఠంలోని వాక్యాన్ని ప్రశ్నగా తిప్పి అడుగుతాం, పిల్లలు ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీసుకుని, దాన్నే నోటుబుక్కులోకి ఎక్కిస్తారు. ఎర్ర సిరాతో టిక్కు పడుతుంది. పాఠం అయిపోయిందంటాం.

ఈ పూట నా వాదన ఒక్కటే. చదవడం, రాయడం, లెక్క చేయడం, ఈ మూడూ చిన్న పిల్లల్లో వాళ్ల సొంత మాట మీదే నిలుస్తాయి. మన తరగతి గది ఆ మాటకే అన్నిటికంటే తక్కువ చోటిస్తోంది. బడిలో ఒక రోజును చెవితో మాత్రమే విందాం, రేడియో కాబట్టి అది మనకు సులువు. పొద్దున ప్రార్థన, ప్రతిజ్ఞ: అందరూ కలిసి. హాజరు: ఒక్కొక్కరి నోట ఒక్క మాట, ‘ప్రెజెంట్ టీచర్’. తెలుగు పీరియడ్‌లో టీచరు ఒక వాక్యం చదివితే పిల్లలంతా దాన్నే మళ్లీ చదువుతారు. తర్వాత ఎక్కాలు, అదీ కోరస్సే. ‘అర్థమైందా?’ అని ప్రశ్న, ‘అర్థమైందీ...’ అని సాగదీసిన జవాబు. ఆ జవాబులో పదిమంది గొంతు ఎత్తుతారు, పదిమంది వాళ్ల వెనక నడుస్తారు, మిగిలినవాళ్లు పెదవులు కదుపుతారు. ఆ తర్వాత చూచిరాత, అప్పుడు నిశ్శబ్దం. అంటే పిల్లల నోటికి మనం రెండే పనులు పెట్టాం: అందరితో కలిసి అరవడం, లేదా మూసుకుని కూర్చోవడం. ‘మా చెరువులో నీళ్లు ఎందుకు తగ్గాయంటే...’ అని ఒక పిల్ల మొదలుపెట్టి, మధ్యలో ఆగి, దిద్దుకుని, వాక్యం ముగించే సందర్భం ఈ రోజంతటిలో ఎక్కడ ఉంది?

విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి అయిదో తరగతి వరకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలంటుంది. తక్కువ కాలమేమీ కాదు. అయినా ఒక పీరియడ్‌ను లెక్కవేసి చూడండి. 40 నిమిషాలు, 30 మంది పిల్లలు. టీచరు సగం సేపే మాట్లాడి మిగతా 20 నిమిషాలూ పిల్లలకే వదిలేశారనుకుందాం, అదీ ఉదారమైన అంచనాయే. ఒక్కొక్కరికి వచ్చేది 40 సెకన్లు. అదే పిల్లల్ని ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి పది నిమిషాలు ఒకరికొకరు చెప్పుకోమంటే ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు దొరుకుతుంది. కొత్త గది అక్కర్లేదు, కొత్త పుస్తకం అక్కర్లేదు. పక్కవాడి వైపు తిరిగి కూర్చోవడానికి అనుమతి చాలు.

పిల్లల సొంత మాటకు చోటు లేకపోవడం ఈనాటి ఇంగ్లీషు మీడియం బడులతో వచ్చిపడిన జబ్బు అనుకునేవారున్నారు. కాదు, దీనికి కనీసం రెండు వందల ఏళ్ల సాక్ష్యం ఉంది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లాల్లో బడులెన్ని, చదివేవారెందరు అని కలెక్టర్లను అడిగాడు. 1823 ఆగస్టులో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ పంపిన జవాబు వచ్చిన జవాబులన్నిటిలో ప్రసిద్ధమైంది. అప్పటి బళ్లారి అంటే నేటి అనంతపురం ప్రాంతం కూడా అందులో భాగమే. జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. వాటిలో తెలుగు బడులు 226. క్యాంప్‌బెల్ తెలుగు తెలియని దొర కాడు, తెలుగు వ్యాకరణం రాసినవాడు, నిఘంటువు కూర్చినవాడు. ఆయన గమనించింది ఇది: బడిపిల్లలు పద్యాలు పొల్లుపోకుండా అప్పజెబుతారు, వాటి అర్థం మాత్రం పలుకులు నేర్చిన చిలకకు తెలిసినంతే తెలుసు. కారణం కూడా ఆయనే చెప్పాడు. పద్యాల భాష వేరు, పిల్లలు ఇంట్లో, వీధిలో మాట్లాడే భాష వేరు. చిలక పోలిక పరాయి పాలకుడి నోట వచ్చిందని చిన్నబుచ్చుకోనక్కర్లేదు, ఎందుకంటే అదే నివేదికలో ఆయన మన వీధిబడిని మనసారా మెచ్చుకున్నాడు కూడా. ఆ మెప్పు సంగతి కాసేపట్లో వస్తుంది.

ఈ భాషల దూరాన్ని తగ్గించడానికి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గిడుగు రామమూర్తి పట్టుబట్టారు. ఆయన ఉద్యమం బడిపుస్తకం దగ్గరే మొదలైందన్నది మనం మరిచిపోతుంటాం. ఉత్తర సర్కారుల్లో పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా ఉన్న యేట్స్‌కు ఒక సందేహం వచ్చింది: జనం మాట్లాడే తెలుగుకూ బడిలో చెప్పే తెలుగుకూ ఇంత తేడా ఎందుకు? ఆ చర్చలోంచి పుట్టిందే వ్యావహారిక భాషా పోరాటం. సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలని వాచకాలు రాసిందీ గిడుగు వారే. ఆ పోరాటం గెలిచింది, ఇవాళ రెండు తెలుగు రాష్ట్రాల వాచకాలూ వాడుక తెలుగులోనే ఉన్నాయి. కానీ గెలిచింది పుస్తకం వరకే. ఉల్లిగడ్డ అన్న పిల్లను ఉల్లిపాయ అనమని దిద్దుతాం, ఎర్రగడ్డ అన్న పిల్లవాడిని చూసి నవ్వుతాం. ఒక పిల్ల నోరు తెరిచిన మొదటి మాటకే దిద్దుబాటు ఎదురైతే రెండో మాట ఎందుకు మాట్లాడుతుంది? ఆ పిల్లకు కోరస్ ఎంతో భద్రంగా తోస్తుంది. అందులో ఎవరి యాసా వినపడదు.

ఇక చదవడం సంగతి దగ్గర్నుంచి చూద్దాం. తెలుగు లిపి పిల్లల్ని ఎక్కువకాలం కూర్చోబెట్టే లిపి. ముప్పైకి పైగా హల్లులు, ఒక్కోదానికి డజను గుణింత రూపాలు, లెక్కేస్తే సుమారు నాలుగు వందలు. ఆపైన ఒత్తులు. త, న, మ, య, ర, ల ఒత్తులకైతే అసలు అక్షరంతో పోలికే ఉండదు, విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే. అయితే ఈ లిపిలో ఒక మంచి ఉంది, ఒకసారి పట్టుబడితే రాసింది రాసినట్టే పలుకుతుంది. ఆ మంచిలోనే ఒక వల కూడా ఉంది. మూడో తరగతి పిల్ల ఒక వాక్యం చదువుతోందనుకోండి: ‘చెరువు గట్టు మీద కొంగ ఒంటికాలిపై నిలబడింది.’ వేలు ఆనించి మొదలుపెడుతుంది. ‘చె... రు... వు...’ ‘గ’ తర్వాత ఆగుతుంది, ట కింద ట ఒత్తు, పక్కన కొమ్ము, మూడూ కూడదీసుకుని ‘గ... ట్టు’ అంటుంది. ‘ఒంటికాలిపై’ దగ్గరకు వచ్చేసరికి మొదటి ‘చెరువు’ చెయ్యి జారిపోయింది. వాక్యం చివరికి చేరింది, ఒక్క తప్పూ పోలేదు, కానీ గట్టు లేదు, కొంగా లేదు. ఇదే పిల్లతో చదివే ముందు రెండు నిమిషాలు కొంగ గురించి మాట్లాడించి ఉంటే? కొంగను ఎక్కడ చూశావు, అది ఎలా నిలబడుతుంది, రెండో కాలు ఏం చేస్తుంది అని అడిగి ఉంటే? అప్పుడు ‘ఒం...’ అనగానే ఆమె మనసు ‘ఒంటికాలు’ను ముందే అందిస్తుంది. అక్షరం సగం పని చేస్తుంది, ఆమెకు తెలిసిన లోకం మిగతా సగం చేస్తుంది. నోటిలో లేని మాటను కన్ను చదవగలదు గానీ పట్టుకోలేదు.

గణాంకాలు కూడా కొన్ని చెప్పుకోవాలి. ప్రథమ్ సంస్థ 2005 నుంచి గ్రామీణ ప్రాంతాల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత చదివించి చూస్తోంది. దాన్నే అసర్ నివేదిక అంటున్నాం. 2022 నివేదిక ప్రకారం, రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 2018లో 22.6 శాతం ఉండగా 2022 నాటికి 10.3 శాతానికి పడిపోయారు. తెలంగాణలో 18.1 నుంచి 5.2 శాతానికి. దేశమంతటా చూస్తే 27.3 నుంచి 20.5కు తగ్గి, 2024లో మళ్లీ 27.1కి చేరింది. ఈ పతనానికి పిల్లల్ని మాట్లాడించకపోవడమే కారణమని నేను అంటే మీరు నమ్మకూడదు. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి, పసిపిల్లలకు అక్షరాలు చెప్పే చేతులే లేకుండా పోయాయి. నేను చూపదలచింది వేరు. కోవిడ్ ఊసు లేని 2018లో కూడా ఈ రెండు రాష్ట్రాల్లో మూడో తరగతిలో అయిదుగురిలో సుమారు నలుగురు రెండో తరగతి పాఠం చదవలేకపోయారు. అప్పుడు బడులు తెరిచే ఉన్నాయి, చూచిరాతలు సాగుతూనే ఉన్నాయి, నోటుబుక్కులు నిండుతూనే ఉన్నాయి. పైగా ఈ సర్వే ప్రధానంగా చూసేది పైకి చదవడాన్నే. గడగడా చదివిన ఆ కొద్దిమందిలో ఎందరు కొంగను చూశారో ఈ అంకెలు చెప్పవు.

నోటికీ కాగితానికీ మధ్య ఉన్న ఈ దూరం లెక్కల్లో ఇంకా స్పష్టంగా బయటపడింది. 2025లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది, రాసినవారిలో నోబెల్ గ్రహీతలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో ఉన్నారు. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో కూరగాయలూ అవీ అమ్మే పిల్లల్ని గమనించారు. తూకం ఎంతైనా, ధర ఎంతైనా, ఇవ్వాల్సిన చిల్లర ఎంతో ఆ పిల్లలు నోటితోనే తేల్చేస్తారు. అదే కూడిక, తీసివేత కాగితం మీద బడిలెక్కగా ఇస్తే చాలామంది చతికిలపడ్డారు. బజారులో పనిచేయని బడిపిల్లల సంగతి దీనికి తలకిందులుగా ఉంది, కాగితం మీద లెక్క కొంత వచ్చింది, బజారు లెక్క రాలేదు. రెండు రకాల పిల్లలకూ తెలివి ఉంది, మధ్యలో వంతెన లేదు. ఆ వంతెన కట్టేది మాటేనని నా అభిప్రాయం. ‘అరకిలో ఇరవై రెండయితే ముప్పావు కిలో ఎంత? ఎలా చేశావో చెప్పు’ అని అడిగినప్పుడు పిల్లవాడు, ‘పావు పదకొండు, దాన్ని అరకిలోకి కలిపాను’ అంటాడు. ఆ నోటి మాటను టీచరు బోర్డు మీద అంకెలుగా రాసి చూపితే, ఆ గుర్తులు తను చెప్పిన మాటలేనని వాడికి తెలుస్తుంది. ‘ఎలా చేశావు?’ అన్నది మన లెక్కల తరగతుల్లో అరుదుగా వినిపించే ప్రశ్న. వినిపించినా తప్పు చేసినవాడికే వినిపిస్తుంది, అదీ కోపంగా.

మాట్లాడిస్తే నిజంగా ఫలితం ఉంటుందా అని అడగవచ్చు. ఇంగ్లండులో పరీక్షించి చూశారు. రాబిన్ అలెగ్జాండర్ అనే విద్యావేత్త పిల్లల్ని ఆలోచించి మాట్లాడించే బోధనపై దశాబ్దాలు పనిచేశారు. మన దేశంతో సహా అయిదు దేశాల ప్రాథమిక తరగతులను పోల్చి పుస్తకం రాసినవారు ఆయన. ఆయన పద్ధతిని తొమ్మిది, పదేళ్ల పిల్లల తరగతుల్లో కొన్ని నెలలు అమలుచేసి, అమలుచేయని బడులతో పోల్చారు. 2017లో ఫలితాలు వచ్చాయి: ఇంగ్లీషు, సైన్సుల్లో సగటున రెండు నెలల చదువంత అదనపు ప్రగతి, లెక్కల్లో ఒక నెల. అద్భుతం కాదు, కానీ పెద్దగా ఖర్చు లేని మార్పుకు చిన్న ఫలితమేమీ కాదు. అక్కడి తరగతి వేరు, ఇక్కడి తరగతి వేరన్న మాటా నిజమే. అందుకే ఆ అంకెలను మనకు అంటగట్టను, దిక్కు చూపడానికి మాత్రమే వాడుకుంటాను.

ఇప్పుడు ఆక్షేపణల దగ్గరకు వస్తాను. అన్నిటికన్నా బలమైనది కంఠస్థం గురించి. ఎక్కాలు, పద్యాలు నోటికి రావడం తప్పా? మన పెద్దలంతా అలాగే చదువుకున్నారు కదా? తప్పు కానే కాదు. ఏడెనిమిదులు యాభై ఆరని ఆలోచించకుండా నోటికొస్తేనే పెద్ద లెక్కలో బుర్ర ఖాళీగా ఉండి అసలు సంగతి చూడగలుగుతుంది. శతక పద్యం చెవికి అందించే నడక ఏ వచన పాఠమూ ఇవ్వలేదు, పదేళ్లలోపు నోటికెక్కిన పద్యం అరవై ఏళ్లకు అర్థమైనా లాభమే. పద్యం పద్యంగా ఉన్నంతవరకు కోరస్‌తో నాకు పేచీ లేదు. చెరువు పాఠంలోని ప్రశ్నజవాబులను కూడా పద్యంలా వల్లె వేయించడం దగ్గరే పేచీ. అలాగే అక్షరాలు నేర్పకుండా మాట్లాడిస్తే చాలు, చదువు దానంతటదే వస్తుందనేవారితోనూ నాకు పడదు. నాలుగు వందల రూపాల లిపి గాలిలోంచి అబ్బదు. దిద్దించాలి, గుణింతం చెప్పించాలి, రోజూ చెయ్యాలి.

రెండో ఆక్షేపణ టీచర్లది, అది వాళ్ల అనుభవంలోంచి వచ్చింది కాబట్టి తేలిగ్గా తీసిపారేయలేం. అరవై మందిలోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు చట్టం ప్రకారం ఇద్దరు టీచర్లు. తరగతులు అయిదు. ఏకోపాధ్యాయ పాఠశాలల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒకటో తరగతికి అక్షరాలు చెబుతుంటే నాలుగో తరగతి ఊరికే కూర్చోకుండా ఉండాలంటే చూచిరాత ఇవ్వక ఏం చేస్తారు? చూచిరాత అక్కడ బోధన కాదు, కాపలా. ఇక్కడే క్యాంప్‌బెల్ మెచ్చుకున్న సంగతి పనికొస్తుంది. ఆయనకు మన వీధిబడిలో నచ్చినవి రెండు: ఇసుకలో రాయించే పొదుపు, ముందున్న పిల్లలు వెనకున్నవాళ్లకు చెప్పే పద్ధతి. అలా చెప్పడంలో చెప్పేవాడి చదువు కూడా గట్టిపడుతుందని ఆయన గుర్తించాడు. ఆండ్రూ బెల్ అనే ఆయన అంతకు ముందే మద్రాసులో ఈ పద్ధతి చూసి అనాథ బాలుర బడిలో వాడి, ఇంగ్లండుకు తీసుకుపోతే అక్కడ దానికి మద్రాసు పద్ధతి అనే పేరొచ్చింది. మనం మాత్రం దాన్ని వదిలేసి, తరగతికో గీత గీసి, గీత దాటి మాట్లాడకూడదన్నాం. దూరం పోనక్కర్లేదు, మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ వారు చుట్టుపక్కల పల్లెబడుల కోసం తయారుచేసిన కార్డులు, మెట్లమెట్లుగా సాగే అభ్యాస నిచ్చెన ఇదే సూత్రం మీద నడుస్తాయి. ఒక గుంపు టీచరు దగ్గర, ఒకటి తోటివారి సాయంతో, ఒకటి సొంతంగా. మైసూరు జిల్లా టీచర్లు అది చూసి వెళ్లి 1995లో మొదలుపెట్టిందే కర్ణాటకలోని నలి-కలి అనే బోధన పద్ధతి. తమిళనాడులో కృత్యాధార బోధన వెనకా ఈ కార్డుల పద్ధతే ఉంది. ఐదు తరగతులు ఒక గదిలో ఉండటం లోపమే కావచ్చు. కానీ నాలుగో తరగతి పిల్ల ఒకటో తరగతి పిల్లాడికి కథ చెప్పే అవకాశం ఆ గదిలోనే ఉంది, గొప్ప పేరున్న బడుల్లో లేదు.

‘ఇవన్నీ పాత పాటలే, కృత్యాలంటూ ఎన్ని పథకాలు రాలేదు?’ అని సీనియర్ మాస్టార్లు నవ్వుతారు. నవ్వే హక్కు వాళ్లకుంది. 1980లలో బ్రిటిష్ సాయంతో ఉమ్మడి రాష్ట్రంలో ‘అపెప్’ అనే ప్రాథమిక విద్యా పథకం మొదలైంది. ఆరు సూత్రాలు: పిల్లలు చేసి నేర్చుకోవడం, గుంపులుగా పనిచేయడం, ఎవరి స్థాయికి తగ్గట్టు వాళ్లకు చెప్పడం, చుట్టుపక్కల పరిసరాలను వాడుకోవడం, ఇలా. పిల్లల పనిని ప్రదర్శించి తరగతిని ఆకర్షణీయంగా ఉంచడమూ వాటిలో ఒకటి. సూత్రాలన్నీ మంచివే. కానీ చాలాచోట్ల మిగిలింది గోడ మీది తీగ, తీగకు వేలాడే బొమ్మలు. తనిఖీకి వచ్చిన అధికారి కంటికి ఆనేది అదొక్కటే కదా. పిల్లల మాట కంటికి ఆనదు, రిజిస్టరులో ఎక్కదు. దాన్ని కొలవాలంటే అధికారి పావుగంట కూర్చుని వినాలి. ఇప్పటి నిపుణ్ భారత్ కార్యక్రమంలోనూ, 2022లో తెలంగాణ మొదలుపెట్టిన తొలిమెట్టులోనూ మౌఖిక భాష ఊసు కాగితం మీద ఉంది. మూడో తరగతి ముగిసేసరికి పిల్లలందరికీ చదువు, లెక్క రావాలన్న లక్ష్యానికి కేంద్రం పెట్టిన గడువు 2026-27. గడువు దగ్గరపడే కొద్దీ ఫారాలు పెరుగుతాయి, ఫారాలు పెరిగే కొద్దీ నోళ్లు మూతపడతాయి. నా భయం అదే.

తల్లిదండ్రుల ఆక్షేపణ మరోటి: నోటుబుక్కు ఖాళీగా ఉంటే బడిలో ఏం చెప్పారని నమ్మాలి? ఫీజు కట్టేవారికి నిండిన పేజీ రసీదు లాంటిది, వాళ్ల ఆత్రం అర్థమవుతుంది. ఇంగ్లీషు మీడియం ఆశ కూడా న్యాయమైనదే. రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ బడులు ఆ దారి పట్టాయి, ఒక పక్క తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉన్న ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. ఆ మీడియం తగువులోకి ఈ ప్రసంగంలో దిగను. ఒక్కటి మాత్రం గమనించమంటాను. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే పరిశోధకులు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో లాటరీ పద్ధతిలో కొందరు పిల్లలకు ప్రైవేటు బడి అవకాశం కల్పించి, నాలుగేళ్ల తర్వాత పరీక్షించారు. తెలుగులో, లెక్కల్లో ఆ పిల్లలకూ ప్రభుత్వ బడి పిల్లలకూ తేడా కనపడలేదు. హిందీలో మాత్రం వాళ్లు ముందున్నారు, ఎందుకంటే ప్రభుత్వ ప్రాథమిక బడిలో హిందీ పీరియడే లేదు. ఎదురు పేజీలో ఏ భాష ఉన్నా, గిమక వాక్యాన్ని ఇంగ్లీషులో అల్లడం ఇంకా సులువు. ఇంటి భాషలో కారణం చెప్పడం అలవాటైన పిల్లకు రెండో భాషలో దొరకాల్సింది మాటలు మాత్రమే. కారణం చెప్పడమే అలవాటు కాని పిల్లకు రెండూ దొరకాలి. సవర, కువి, కోయ, గోండి పిల్లలకైతే తెలుగే రెండో భాష. వాళ్ల కోసం 2004 నుంచి ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తెచ్చిన బహుభాషా విద్య గిడుగు వారి పనికి కొనసాగింపు, దానికి రావాల్సినంత పేరు రాలేదు.

చివరిగా గోల. పిల్లలు మాట్లాడితే గోలవుతుంది, పక్క తరగతికి ఇబ్బంది, హెడ్మాస్టరుకు చిరాకు. నిజమే, అవుతుంది. కానీ వరండాలో నిలబడి వింటే రెండు గోలలకూ తేడా తెలుస్తుంది. టీచరు లేని గదిలో గోల ఎగసిపడుతుంది, ఒకేసారి ఆగుతుంది, మళ్లీ లేస్తుంది. పని ఉన్న గదిలో అది సంతలోలా ఒకే మట్టంలో సాగుతుంది, మధ్యమధ్య ‘కాదురా, ముందు ఇది పెట్టాలి’ లాంటి ముక్కలు చెవిన పడతాయి.

మాటకు చోటు వెతకాలంటే టైంటేబులులో ఒక పీరియడ్ ఇప్పటికే ఉంది, బాలసభ. చాలా బడుల్లో అక్కడ జరిగేది, జనవరి 26కు ఇంట్లో రాసిచ్చిన ‘గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులకు’తో మొదలయ్యే ఉపన్యాసాన్ని చేతులు వెనక్కి కట్టుకుని ఒక్క ఊపిరిలో అప్పజెప్పడం. బాగా చెప్పేవాళ్లు ముగ్గురే ఉంటారు, ఏడాదంతా ఆ ముగ్గురే చెబుతారు. ఆ పీరియడ్‌లో ఉపన్యాసం మాన్పించి, మధ్యాహ్న భోజనంలో ఇవాళ పప్పు ఎందుకు పలచనయిందో, జాతరలో రంగులరాట్నం ఎవరు తిప్పుతారో, పొరుగూరి బస్సు ఎందుకు రాలేదో ఎవరైనా చెప్పమనండి. విన్నవాళ్లు ప్రశ్న అడగాలి, చెప్పినవాళ్లు జవాబివ్వాలి. చెప్పిన పిల్ల మాటల్లోంచి నాలుగు వాక్యాలు టీచరు ఆమె పలికిన తీరులోనే, ఉల్లిగడ్డను ఉల్లిగడ్డగానే ఉంచి, బోర్డు మీద రాస్తారు. మరునాడు మూడో తరగతి చదివే పాఠం అదే. ‘ట’ కింద ఒత్తు, పక్కన కొమ్ము దగ్గర ఆ పిల్ల మళ్లీ ఆగవచ్చు. ఆగినా, తర్వాత ఏ మాట రావాలో ఆమెకు తెలుసు. నిన్న చెప్పింది తనే.